సత్తెమ్మ పాడిన చరణం

మా చిన్నప్పుడు... సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో చప్పట్లు మోగుతుంటే, అందరి గొంతుల మీదా మా నాయనమ్మ గొంతు లేచేది. ఆమె ఒక చరణం అంటే, చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా అదే తిరిగి అనాలి. ఆట పద్ధతి అది.

దేవుళ్ల పాటలే కాదు... కరువొచ్చినా, బస్సు బోల్తా పడినా పాట కట్టేది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల అందరి నోళ్లలో నానిన హత్య కేసుకూ కట్టింది.

"కల్లుల కలిపింది ఉయ్యాలో... కాటికి పంపింది ఉయ్యాలో..."

ఆ కలిపిందన్న మనిషి మా వాడకట్టు సత్తెమ్మ. మరిది తాగే కల్లులో పురుగుల మందు పోసిందని పోలీసులు పట్టుకుపోయారు. కోర్టులో కేసు మొదలు కాకముందే ఇక్కడ పాట పుట్టింది. అర్థం తెలియని మాలాంటి పిల్లలకు కూడా నోటికొచ్చింది... రాగం అంత బాగుండేది మరి.

కొన్నేళ్లకు, ఆమె నేరం చేయలేదని కోర్టు తేల్చి వదిలేసింది.

ఆ ఏడు సద్దుల నాడు, గునుగు, తంగేడు పేర్చిన చిన్న బతుకమ్మతో వచ్చింది సత్తెమ్మ. మా బతుకమ్మల పక్కనే పెట్టి ఆటలో చేరింది. ఎవరూ పొమ్మనలేదు. ఆమెకు అటూ ఇటూ మాత్రం మనిషి పట్టేంత ఖాళీ మిగిలింది...

నాయనమ్మ ఆ పాట జోలికి పోకుండా వేరేవి ఎత్తుకుంది. కాసేపటికి సత్తెమ్మే అడిగింది.

"నా పాట గూడ పాడు అత్తా. కోర్టు ఇడిసిపెట్టిన ముచ్చట కలిపి పాడు."

నాయనమ్మ కొంగు సర్దుకుంది. "గా ముచ్చట పాటకు కుదరదే."

కరువుకు కుదిరింది. బోల్తా పడ్డ బస్సుకు కుదిరింది. ఒక ఆడమనిషి తప్పు చేయలేదంటే కుదరలేదట! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సత్తెమ్మ ఏడవలేదు. తనే చప్పట్లు కొట్టి ఎత్తుకుంది.

"నా చేత జరగలే ఉయ్యాలో... నన్ను నమ్ముండ్రమ్మ ఉయ్యాలో..."

తిరిగి అనాల్సిన చోట ఆగింది. ఎదురుచూసింది... ఒక్క గొంతూ లేవలేదు. తన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని ఒక్కతే చెరువు దిక్కు నడిచిపోయింది. మరుసటి ఏడు రాలేదు.

ఇప్పుడు పాట కట్టే నాయనమ్మ లేదు, వాకిట్లో డీజే పెట్టె మోగుతోంది. పాటల పని ఫోన్లు చేస్తున్నాయి. నిన్న కొంగరకలాన్‌లో మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఒక వీడియో చేతులు మారింది... ఏదో హత్య కేసులో ఒకామెను పట్టుకున్నారట. మావాళ్లు పప్పన్నం కలుపుకుంటూనే ఉరిశిక్ష వేసేశారు. జర ఆగుండ్రి, కోర్టు చెప్పనియ్యుండ్రి అన్నాను.

"నీకెందుకే గంత ఫికర్? నీ చుట్టమా?"

చుట్టమే అనుకోండి.

ఆ పాత పాట నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా వచ్చు. ఆమె పాడిన చరణాన్నే ఎవరూ తిరిగి అనలేదు. మీ ఊళ్లోనూ ఇలా పాటలో ఇరుక్కుపోయిన ఆడమనిషి ఉంటే కింద చెప్పండి... లేకపోతే నాతో పాటు ఈ ఒక్కటి అనండి.

నా చేత జరగలే ఉయ్యాలో... నన్ను నమ్ముండ్రమ్మ ఉయ్యాలో...