పైపు పట్టుకునే మనిషి

మా ఆయనకు స్ప్రింగులంటే భయం పట్టుకుందని నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఆయన నోటితో చెప్పలేదు. ఆయన చెప్పే మాటలన్నీ పనికి సంబంధించినవే, అన్నీ సబబుగానే ఉండేవి. "ఇప్పుడే మార్చక్కర్లేదండి, గ్రీజు పెడితే ఇంకో ఏడాది లాగుద్ది" అనేవాడు. షట్టర్ల పనిలో ఆ మాట నిజమయ్యే సందర్భాలు బోలెడు. అందుకే నేను పట్టించుకోలేదు.

మాది తెనాలి. కాలువ కట్ట వెనక వీధిలో రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. దుకాణాలకీ గోదాములకీ షట్టర్లు చేయడం, పాతవి బాగుచేయడం మా పని. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ షెడ్డులోంచి వచ్చే చప్పుడుకి నాకు తలనొప్పి వచ్చేది. తర్వాత్తర్వాత వంట అయ్యాక నేనూ వెళ్లి కూర్చుని పట్టీలకు రివిట్లు కొట్టేదాన్ని, డబ్బాల్లో గ్రీజు నింపేదాన్ని. స్టాండు మీద పైపు పెట్టి స్ప్రింగు బిగువు చూసేటప్పుడు ఆయనకు సాయం పట్టేదాన్ని. బయటి పనులకు మాత్రం వెళ్లేదాన్ని కాదు. వాటికి ఆయనతోపాటు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఇంకో మేస్త్రి ఉండేవాడు.

తెలియని వాళ్లకు షట్టరంటే ఇనప తెర, అంతే. కాని దాని ప్రాణమంతా పైన, ఎవరికీ కనపడని చోట ఉంటుంది. గుమ్మం మీద అడ్డంగా ఒక పైపు, ఆ పైపుకు గుండ్రటి డబ్బాలు, ఒక్కో డబ్బాలో పాత గడియారంలో ఉండేలాంటి చుట్ట స్ప్రింగు. కాకపోతే ఇది అరచేయంత వెడల్పు ఉక్కు. షట్టరు కిందికి దిగేకొద్దీ అది బిగుసుకుంటుంది, పైకెత్తేటప్పుడు బరువు మోస్తుంది. అది కొత్తగా వేసినప్పుడు పైపును రెంచీతో తిప్పి బిగువు ఎక్కించాలి. ఆ పని ఒక్కరివల్ల కాదు. ఒకరు తిప్పాలి. వాళ్లు పట్టు మార్చుకునేలోగా రెండోవాళ్లు ఇంకో రెంచీతో పైపు వెనక్కి తిరగకుండా ఆపాలి. పైపును గోడకు పట్టి ఉంచే బ్రాకెట్టులో బోల్టు బిగిసేదాకా ఆ బలమంతా ఇద్దరి చేతుల్లోనే ఉంటుంది. పట్టుకున్న మనిషి వదిలితే తిప్పే మనిషి పని అయిపోయినట్టే.

రేపల్లెలో జరిగినప్పుడు ఎవరూ వదల్లేదు. ఊరి చివర రొయ్యల మేత గోదాము. సముద్రపు గాలికి అక్కడ ఇనుము ఊరికే తినేస్తుంది. గోదాము వాళ్లు బ్రాకెట్టుకు పైపైన రంగు కొట్టించారు. రంగు కింద అంతా తుప్పే. స్ప్రింగు ఎక్కించడం అయిపోయింది, బోల్టు బిగించారు, మేస్త్రి తన రెంచీ తీసేశాడు, మా ఆయన తన రెంచీ తీయబోతున్నాడు. బ్రాకెట్టు చీలిపోయింది. పైపు గిర్రున వెనక్కి తిరిగింది, రెంచీ దానితోపాటే తిరిగి ఆయన మెడ కింద కొట్టింది. నిచ్చెన మీంచి మేత బస్తాల మీద పడ్డాడు కాబట్టి తల దక్కింది.

నేను తెనాలి ఆసుపత్రికి వెళ్లేసరికి భుజానికి కట్టు, దవడ వాచి నల్లగా ఉంది. నన్ను చూసి, "ఏం కాలేదే, ఎముక అతుక్కుంటుంది" అన్నాడు. మేస్త్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు కాని మనిషి మనిషిలా లేడు. "వదినా, నేనీ పని మానేస్తాను" అన్నాడు. అన్నట్టే మానేసి, విజయవాడలో గాజు తలుపులు బిగించే పనికి వెళ్లిపోయాడు. ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు.

ఎముక అతుక్కుంది. ఆయన మళ్లీ షెడ్డులోకి దిగాడు. తోడుకు కొత్త మనిషి కోసం చూశాం, దొరకలేదు. "నేనొస్తానండి" అన్నాను. మా అత్తయ్యకు నచ్చలేదు. "ఆడది నిచ్చెనెక్కి బజార్లో నిలబడుద్దా?" అంది. ఆయన మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో తర్వాత అర్థమైంది. నేను పక్కనుంటే, పెద్ద పనులు ఒప్పుకోకపోవడానికి ఆయనకు కారణం దొరికింది. "మా ఆవిడతో అంత బరువు పని కుదరదండి" అని ఫోన్లో చెప్తుంటే నేను వంటింట్లోంచి విన్నాను.

అలా కొన్ని నెలలు గ్రీజు పనులు, తాళాల పనులు, వంగిన పట్టీలు మార్చే పనులు. తెనాలిలో, వేమూరు వైపు, జంపనిలో. స్ప్రింగు మార్చాల్సిన చోటికి వెళ్తే ఆయన నిచ్చెన మీద చాలాసేపు నిలబడేవాడు, చేత్తో డబ్బాను తడిమేవాడు, దిగి వచ్చి బాగానే ఉందనేవాడు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడేవాడు. అదీ నేను దవడ నొప్పికి ముడిపెట్టుకున్నాను.

బాపట్లలో ఒకావిడ ఉన్నారు, పిన్నిగారని పిలుస్తాం. భర్త పోయాక బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం పెట్టుకున్నారు. పేరుకు ఒక్క గది కాని ముందు ఎవరో లారీ సామాను దింపుకోవడానికి కట్టించిన గది. దానికి పెద్ద షట్టరు. అది ఎత్తితే నిలవడం లేదు, దించితే దభీమని పడుతోందని ఫోన్ చేశారు. పొద్దున్నే రైలెక్కి వెళ్లాం. మేం వెళ్లేసరికి షట్టరు నడుమెత్తుదాకా లేపి, కింద ఒక దుంగ నిలబెట్టి ఉంది. పిన్నిగారు ఆ దుంగ పక్కనుంచి వంగి లోపలికీ బయటికీ తిరుగుతున్నారు.

"రోజూ ఇంతేనమ్మా," అన్నారు. "దుంగ పెట్టుకోవడం, దూరిపోవడం. అలవాటైపోయింది."

ఇద్దరం కలిసి షట్టరు పైకెత్తి తాళ్లతో కట్టాం. మా ఆయన నిచ్చెనెక్కాడు. మూత విప్పి చూశాడు, తడిమాడు, దిగాడు.

"స్ప్రింగులు బాగానే ఉన్నాయండి. ఎండిపోయాయి, అంతే. గ్రీజు పెడితే సరిపోద్ది."

"అంతేనా బాబూ?" ఆవిడ ముఖం వెలిగింది.

గ్రీజు పెట్టడం నా పని. డబ్బా పట్టుకుని ఎక్కాను. నడిమి డబ్బాలో స్ప్రింగు తెగి ఉంది. లోపల కాదు, పక్కన కాదు, వేలు పెడితే గీరుకునేలా ఎదురుగా తెగిన అంచు. ఆయనకు కనపడకపోయే ప్రశ్నే లేదు. కింద పిన్నిగారు అప్పుడే దుంగను పక్కకు తీసి, "దీంతో ఇక పనుండదు" అంటున్నారు.

 పెళ్లయినప్పటినుంచి నలుగురిలో ఆయన మాటకు ఎదురు చెప్పినదాన్ని కాదు. దిగి, ఆయన్ని పక్కకు పిలిచి చెబుదామనుకున్నాను. కాని ఆయన అప్పటికే సామాను సంచీలో సర్దుతున్నాడు. ఒక్కసారి నాకేసి చూశాడు. చెప్పొద్దని ఆ చూపు బతిమాలుతోంది.

"పిన్నిగారూ, దుంగ పారెయ్యకండి," అన్నాను. "నడిమి స్ప్రింగు తెగిపోయింది. మార్చాల్సిందే."

ఆవిడ దుంగ మీద చెయ్యి తియ్యకుండానే మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"మరి ఈ బాబు బాగుందన్నాడు?" ఆవిడ గొంతు మారింది. "ఏంటమ్మా ఇది? రేపు నా నెత్తిన పడితే ఎవరిది పూచీ?"

మా ఆయన సంచీ అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వెళ్లిపోయాడు. తల వంచుకుని స్టేషను వైపు నడవడం చూశాను. వెనక నుంచి పిలిచాను, ఆగలేదు.

పిన్నిగారు తిట్టారు. మనుషుల్ని మోసం చేసే పని మీకెందుకన్నారు. నేను నిలబడి విన్నాను. ఆవిడ కోపం తీరాక అన్నాను, "మోసం కాదండి. రేపల్లెలో ఇలాంటి పైపే తిరిగి ఆయన్ని కొట్టింది. చావు తప్పింది. అప్పట్నుంచి…" ఆ తర్వాత మాట నాకే రాలేదు. అప్పటిదాకా నేను కూడా దాన్ని మాటల్లో పెట్టుకోలేదు. పెట్టబోయేసరికి, అన్ని నెలలూ ఆయన నిచ్చెన మీద నిలబడ్డ తీరంతా ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చింది. ఏడుపొచ్చింది.

ఆవిడ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చారు. "మా ఆయనా ఇంతే," అన్నారు. "గుండె నొప్పి వస్తుంటే తేన్పులని చెప్పేవాడు. కూర్చో."

షట్టరు అలా కట్టి వదిలేసి వెళ్లలేను, ఒక్కదాన్నే చేయలేను. ఆయన తెనాలి వెళ్లిపోయుంటే ఏం చేయాలో తోచలేదు. ఎండ బాగా ఎక్కాక గుమ్మంలో నీడ పడింది. ఆయనే. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"రైలు రాలేదా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"వచ్చింది. ఎక్కలేదు." పిన్నిగారివైపు తిరిగి, "తప్పయిందండి" అన్నాడు. తర్వాత నాతో, మెల్లగా, "నేను తిప్పలేను. చేతులు ఆడవు. నువ్వు తిప్పు, నేను పట్టుకుంటా" అన్నాడు.

"పట్టుకోగలరా?"

"నువ్వు అవతల ఉంటే వదలను."

ముందు బ్రాకెట్లను సుత్తితో కొట్టి చూశాడు. రంగు గీకి చూశాడు. అనుమానమున్న చోట కొత్త క్లాంపు వేశాడు. ఎందుకైనా మంచిదని తెనాలి నుంచి నేను సంచీలో వేసుకొచ్చిన స్ప్రింగుల్లో ఒకటి ఆ డబ్బాకు సరిపోయింది. పిన్నిగారిని రోడ్డు అవతలికి వెళ్లి నిలబడమన్నాం. పక్క దుకాణంలో ఇంకో నిచ్చెన అడిగి తెచ్చాం. రెండు నిచ్చెనలు, చెరో పక్క.

షెడ్డులో స్టాండు మీద పైపు తిప్పడం వేరు. తల పైన, చేతులెత్తి తిప్పడం వేరు. మొదట్లో తేలిగ్గానే వచ్చింది. తర్వాత పైపు లోపలినుంచి ఎవరో ఎదురు తోస్తున్నట్టనిపించింది. ఆ తోపు రెంచీలోంచి మణికట్టుకీ, మోచేతికీ, పళ్లకీ వచ్చింది. నేను పట్టు మార్చుకునే ప్రతిసారీ ఆ బలమంతా ఆయన చేతుల్లోకి వెళ్లేది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. "తియ్యనా?" అంటే "తియ్యి" అనేవాడు. "ఎక్కిందా?" అంటే "ఇంకొంచెం" అనేవాడు. ఆ రెండు మాటలే. బోల్టు నేను బిగించాను. ఆయన రెంచీ తీయడానికి చాలాసేపు పట్టింది. బిగిసింది, చూడండి అని ఎన్నిసార్లు చెప్పినా వేళ్లు విడిపోలేదు. నేను నా నిచ్చెన దిగి, ఆయన నిచ్చెనెక్కి, ఒక్కో వేలూ తీశాను.

దిగి గోడ పక్కకు వెళ్లి వాంతి చేసుకున్నాడు. పిన్నిగారు వీపు నిమిరారు. షట్టరు మాత్రం ఆవిడ ఒక చేత్తో దించారు, ఎత్తారు, మళ్లీ దించారు.

రైలు అప్పికట్ల దాటింది. ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు, "దెబ్బ గుర్తు లేదే నాకు. ఆ చప్పుడే. ఇనుము చీలే ముందు చిన్నగా అరుస్తుంది. ఏ డబ్బా తడిమినా అదే వినపడుద్ది."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు నాతో పనికి రావు కదా."

 ఆయన చేయి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఇంకా గ్రీజు వాసన వేస్తోంది.

దాంతో అంతా బాగైపోయిందని చెప్పలేను. ఆ తర్వాత స్ప్రింగు పనులు నేను ఒప్పుకోవడం మొదలుపెట్టాను. పైపు తిప్పేది నేను, పట్టుకునేది ఆయన. బాపట్ల పిన్నిగారు తన వీధిలో మరో రెండు దుకాణాల వాళ్లకు మా పేరు చెప్పారు. జనం మాత్రం మాటలు మానలేదు. ఒక దుకాణాయన, "ఏంటి బాబూ, మేస్త్రి ఆవిడా, నువ్వు కూలీవా?" అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మా అత్తయ్య కొడుకు ముఖం చూసి నన్నే అంటుంది, "వాణ్ణి మగాడిగా ఉండనివ్వవే" అని. పెద్దావిడ, కొడుకు బాధ చూడలేక అంటోందని తెలుసు. తెలిసినా గుచ్చుకుంటుంది.

ఇప్పుడాయన మోటారు షట్టర్ల పని నేర్చుకుంటున్నాడు. కొన్ని రకాల్లో స్ప్రింగే ఉండదు, మోటారే ఎత్తుతుంది. వారంలో కొన్నాళ్లు గుంటూరు వెళ్లి ఒకాయన దగ్గర వైరింగు చూసి వస్తున్నాడు. ఆ మాటలు చెప్పేటప్పుడు పాత మనిషిలా ఉంటాడు, చేతులూపుతూ. నాకు సంతోషమే. కాని మా చుట్టుపక్కల ఊళ్లలో చిన్న దుకాణాల వాళ్లు మోటారు పెట్టించుకోలేరు, కరెంటు పోతే ఎలాగని భయపడతారు. వాళ్లకు స్ప్రింగులే కావాలి. తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

మొన్న ఆయన్ని అడిగాను, "మీరు పూర్తిగా మోటార్లకు వెళ్లిపోతే, నాకు పైపు పట్టేదెవరు?"

 "మానెయ్యి" అన్నాడు.

"మీరు మానమంటున్నది నా కోసమా, మీ కోసమా?"

"తెలీదే," అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అంతవరకు నాకు తెలుసు. ఈ మధ్య నాకూ నిచ్చెన మీద గుండె దడదడలాడుతోంది. ఆ సంగతి అదే రోజు, అప్పటికప్పుడే ఆయనతో చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. పీట దగ్గరికి జరుపుకుని, "ఎప్పట్నుంచి?" అని అడిగాడు.