కిటికీకి దుప్పటి కట్టిన మనిషి

మా అత్త పోయింది. ఆ కబురు అందరికీ ఫోన్లు చేసి చెప్పింది నేనే. మా ఆయన అప్పుడు బాయిలో డ్యూటీ మీద ఉన్నాడు. బొగ్గు బాయి లోపల సెల్‌ఫోన్ పనిచేయదు కాబట్టి పైన ఆఫీసు వాళ్ళకు చెప్పి పిలిపించాల్సి వచ్చింది. ఫోనెత్తిన ప్రతివాళ్ళూ ముందు అయ్యో అన్నారు, ఆ వెంటనే ఎంత మంచి మనిషో అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. బతికున్నప్పుడు ఆమె నోటికి జడిసి మా వీధిలోకి రాని వాళ్ళు కూడా ఆ రోజు దండలు పట్టుకుని వచ్చారు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు, కోడలివి కదా, రెండు మంచి మాటలు చెప్పమ్మా అన్నారు పాస్టరు గారు. నేను లేవలేదు. లేస్తే నోట్లోంచి ఏం వస్తుందో నాకే తెలియదు. భోజనాల దగ్గర పనుందని చెప్పి బయటికి వచ్చేశాను. ఆ మాటలేవో ఇక్కడ రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో చెయ్యి పట్టుకుని ఊరుకోమ్మా అనదు.

మా అత్తంటే నాకు ఇష్టం లేదు. నేనన్నా ఆమెకు ఇష్టం లేదు. పదేళ్ళకు పైగా ఒకే కప్పు కింద ఉన్నాం, ఒకే చర్చికి వెళ్ళాం, ఒకే బెంచీ మీద రెండు చివర్లా కూర్చున్నాం.

నేను పెనుబల్లి దగ్గరి పల్లెటూరి పిల్లని. మా ఊళ్ళో పగలంటే చప్పుడు. ట్రాక్టర్లు, గేదెలు, వీధి ఈ చివరినుంచి ఆ చివరికి కేకలు. పెళ్ళయి కొత్తగూడెంలో బాయి కార్మికుల క్వార్టర్లకు వచ్చిన మొదటి రోజు మిట్టమధ్యాహ్నం ఇంట్లోకి అడుగు పెడితే కళ్ళకు ఏమీ కనబడలేదు. కిటికీకి మందపాటి దుప్పటి, దానికి నాలుగు మూలలా మేకులు. నేను భయపడి అత్తయ్యా అని పిలిచాను. చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా నోరు మూసింది. మా అత్తతో నా పరిచయం అదీ.

రాత్రి షిఫ్టుకు వెళ్ళినవాడు పగలు పడుకోవాలి. ఆ క్వార్టర్లలో అందరి ఇళ్ళల్లోనూ అది మామూలే. తలుపు దగ్గరగా వేస్తారు, టీవీ చిన్నగా పెడతారు, అంతే. మా అత్తకు అది సరిపోదు. ఆమె పగలంతా కుక్కర్ పక్కనే నిలబడి విజిల్ రాబోయే క్షణంలో దాన్ని పొయ్యి మీంచి దించేసేది. మిక్సీ మా ఇంట్లో అలంకారానికి ఉండేది. పెళ్ళికి మా నాన్న కొనిచ్చిన కుట్టు మిషను మీద బట్ట కప్పి బైబిలు పెట్టింది, ఇంక ఎవరు ముట్టుకుంటారు? మైకు పెట్టుకుని తిరిగే కూరగాయల ఆటో మా వీధి మలుపు దగ్గరికి రాగానే మైకు తనంతట తానే కట్టేసేది. ములకలపల్లి వైపు అడవి ఊళ్ళ నుంచి చీపుళ్ళు, తేనె తెచ్చి అమ్ముకునే ఆడవాళ్ళు మా గుమ్మం ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచేవాళ్ళు. మా అత్త మాట వాళ్ళకు అర్థమయ్యేది కాదు, ఆమె చేతిలో చీపురు మాత్రం బాగానే అర్థమయ్యేది.

దీనికి కారణం వీధి అందరికీ తెలుసు. దాచిందేమీ లేదు. మా ఆయన నెలల పిల్లవాడుగా ఉన్నప్పుడు పగళ్ళు ఒకటే ఏడ్చేవాడట. ఆ ఏడుపుకి మామయ్యకు నిద్ర ఉండేది కాదు. ఒక రాత్రి డ్యూటీలో కన్ను మూతపడింది, పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు కింద కాలు పడింది. నేను వచ్చేసరికే మామయ్య లేడు. నేను కాపురానికి వచ్చిన వారంలోనే చిక్కుడుకాయలు గిల్లుతూ నాకు ఈ సంగతి చెప్పింది మా అత్త. కన్నీళ్ళేమీ పెట్టలేదు, హుకుం జారీ చేసినట్టు చెప్పింది.

"గీ ఇంట్ల పగటి నిద్ర చెడితే కాలు పోతది. మీ మామది పోయింది. నా కొడుకుది పోనియ్య."

ఆ భయం అబద్ధం కాదు. నేనెప్పుడూ కాదనలేదు. కానీ భయం ఆమెది, శిక్ష పడింది నా బిడ్డకు.

పాపను మా పుట్టింట్లో కన్నాను. అయిదో నెలలో తీసుకొచ్చాను. అమ్మ దగ్గర చీకటి పడితే పడుకునే పిల్ల, తెల్లారితే నవ్వే పిల్ల. ఈ ఇంటికి వచ్చాక కొద్ది రోజుల్లోనే తారుమారైంది. ఆ ఏడాది చలికాలమంతా మా ఆయనకు నీళ్ళ పంపుల దగ్గర రాత్రి డ్యూటీలే. ఇంట్లో పగలంతా కటిక చీకటి, చీర ఊయల, గుసగుసలు. పిల్ల హాయిగా పొద్దుగూకేదాకా పడుకునేది. తండ్రి టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరగానే చెంపకు చారెడేసి కళ్ళు తెరిచేది. ఆ రాత్రుల సంగతి నేను రాయను. పిల్లల్ని పెంచినవాళ్ళకు చెప్పక్కర్లేదు, పెంచనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

వీధంతా వైద్యులే. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు వస కొమ్ము అరగదీసి నాకించమన్నారు, పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. మా అత్త ఇప్పనూనె గోరువెచ్చగా కాచి పిల్లకు ఒళ్ళంతా మర్దన చేసేది. అంతవరకు బాగానే ఉంది. కానీ బోరింగు దగ్గర నిలబడి, మా కోడలికి పాలు చాలుత లేవు, అందుకే పిల్ల పండుత లేదు అని వీధంతా చాటింది. నా పిల్ల బూరెల్లాంటి బుగ్గలేసుకుని ఊయల తెగేంత బరువుంటే పాలు చాలటం లేదట! ఆ మాట నేను క్షమించలేదు. క్షమించమని బైబిలు వాక్యంలో ఉంది, నాకు తెలుసు. చేతకాలేదు.

టీకా వేయించడానికి దవాఖానాకు వెళ్ళినప్పుడు నర్సమ్మ అడిగింది, పగలు ఇంట్లో వెలుతురు ఉంటుందా అని. పిల్లకు పగలేదో రాత్రేదో తెలియటం లేదు, పగలు కిటికీలు తెరిచి మామూలుగా చప్పుళ్ళు వినపడనివ్వండి, రాత్రి చీకటి చేయండి, సర్దుకుంటుంది అంది. నేను ఎగురుకుంటూ ఇంటికొచ్చి మా అత్తతో చెప్పాను. ఆమె తల కూడా ఎత్తలేదు.

"నర్సు మొగుడు బాయిలకు దిగుతడా?"

నేను దుప్పటి ఒక మూల మేకు ఊడదీసేదాన్ని, ఆమె వచ్చి రెండు కొట్టేది. మా ఆయనకేమో కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ మనిషి నిద్రలో నోరు తెరిచేవాడు, మెలకువ వస్తే మూసుకునేవాడు.

ఒక పొద్దున పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, కాళ్ళ మీద పాపను పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తున్నాను. ఎండ వెచ్చగా ఉంది. చేతిలో చెంబు ఉన్నట్టు గుర్తు. ఆ తర్వాత గుర్తున్నది మా అత్త అరుపు. కూర్చున్నచోటే నాకు నిద్ర పట్టేసింది, పిల్ల నా కాళ్ళ మీంచి జారి బండ మీద నిలిచిన నీళ్ళలో మొహం పెట్టి పడింది. మా అత్త వంటింటి గుమ్మంలోంచి దూకినట్టు వచ్చి పిల్లను ఎత్తింది, బోర్లా వేసి వీపు మీద చరిచింది. పిల్ల దగ్గింది, ఆ తర్వాత ఏడ్చింది. నేను వచ్చాక ఆ ఇంట్లో పట్టపగలు ఒక పసిబిడ్డ గొంతు చించుకుని ఏడవడం అదే మొదలు. మా ఆయన నిద్రలోంచి లేచి బనీనుతో పరుగెత్తుకొచ్చాడు. మా అత్త కొడుకును పోయి పడుకోమనలేదు, పిల్ల నోరూ మూయలేదు. నావైపే చూస్తూ నిలబడింది.

"నువ్వు కంటినిండ పండి ఎన్నొద్దులయిందే?"

"మీ ఇంటికొచ్చినప్పటి నుంచి లేదండీ."

నేను నిజమే చెప్పాను. ఆమె పిల్లను కొంగుతో తుడిచి, నా చేతికి ఇవ్వకుండా, తన ఒళ్ళోనే పెట్టుకుని ఆ పూటంతా కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే మేకులు ఊడదీస్తున్న చప్పుడు. చూస్తే మా అత్త దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని, చేతిలో సుత్తి పట్టుకుని, వీధిలోకి వెళ్తోంది. మా వరసలో చివరి క్వార్టర్లో ఒకావిడ ఒంటరిగా ఉండేది. చర్చిలో పాటల దగ్గర ఏదో తగాదా వచ్చి ఆవిడకూ మా అత్తకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. పండక్కి కూడా ఒకరి ఇంటి కేకు ఒకరు తినేవాళ్ళు కాదు. అలాంటి ఆవిడ గుమ్మం ముందు నిలబడి, నా కొడుకును పగటిపూట మీ లోపలి గదిలో పడుకోనియ్యమని అడిగింది. ఆవిడేమన్నదో, ఈమె ఎన్ని మాటలు పడిందో మాకెవరికీ చెప్పలేదు. ఆ కిటికీకి దుప్పటి కొట్టింది, కొడుకు పరుపు తానే మోసుకెళ్ళి వేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంటి బయట స్టూలు వేసుకుని, బియ్యంలో రాళ్ళేరుకుంటూ, సాయంత్రందాకా కాపలా కూర్చునేది. మధ్యాహ్నం నేను అన్నం పట్టుకెళితే నా మొహం చూడకుండా తినేది.

మా ఇంట్లోకి ఎండ వచ్చింది. బైబిలు అలమారలోకి, మిషను కిటికీ పక్కకి చేరాయి. కుక్కర్ ఇష్టమొచ్చినట్టు ఈల వేసింది. పిల్ల కొన్నాళ్ళు పేచీ పెట్టింది, తర్వాత దారికొచ్చింది. రాత్రిళ్ళు తనూ పడుకుంది, నేనూ పడుకున్నాను. మా ఆయన రెండు కాళ్ళతో ఇవాళ్టికీ డ్యూటీకి వెళ్ళి వస్తున్నాడు. పడనివాళ్ళ గడప తొక్కిన ఆ ఒక్క పనికి మా అత్తకు దండం పెడతాను. మిగతావాటికి పెట్టను.

ఎందుకంటే ఆ తర్వాత ఆమె చేసిన పని వినండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ, పిల్ల ఇప్పుడు పడుకుంటోందా అని అడిగితే, అవ్, నా ఇప్పనూనెతోని పడుకుంటుంది అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను! ఇంటికొచ్చాక అడిగాను, కిటికీ తెరిస్తే కదా పిల్ల పడుకుంది, వెలుతురు వల్ల కదా అని. దానికి ఆమె ఏమందంటే:

"ఎండ అందరిండ్ల ఉంటది. నా నూనె మా ఇంట్లనే ఉంటది."

అప్పట్నించి బాలింతలు ఖాళీ సీసాలు పట్టుకుని మా గుమ్మం ముందుకు రావడం మొదలుపెట్టారు. ఆమె నూనె కాచి పోసి, మర్దన ఎలా చేయాలో చూపించి, చివర్లో గొంతు తగ్గించి, పగలు జర కిటికీ తెరిచి ఉంచుర్రి అని చెప్పి పంపేది. నేను విన్నానని ఆమెకు తెలుసు. అయినా నా మొహం మీద, నువ్వు చెప్పిందే నిజం అని మాత్రం అనలేదు. నాకు ఆమె నోటినుంచి కావలసింది ఆ ఒక్క మాటే. పదేళ్ళుగా అడిగాను. అడిగినప్పుడల్లా జవాబు ఠక్కున వచ్చేది, ఒక్కసారీ నాకు కావలసిన జవాబు కాదు.

పాప బడికి వెళ్ళే వయసొచ్చాక పొద్దున్నే ఇంకో యుద్ధం. నేను లేపబోతే అడ్డం నిలబడేది. "బడి రేపు గూడ ఉంటది, ఇయ్యాల్టి నిద్ర రేపు దొరకది" అనేది. నిద్రపోయే బిడ్డను చుట్టాలకు చూపించడానికి లేపినవాళ్ళకు ఆ ఇంట్లో టీ నీళ్ళు కూడా దక్కేవి కావు.

పోయిన వానాకాలం ఆమె మంచాన పడింది. ఒక వైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. కొన్నాళ్ళకు పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ మొదలైంది. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, పెద్దవాళ్ళలో ఇది మామూలేనమ్మా, పగలు వెలుతురులో కూర్చోబెట్టి మెలకువగా ఉంచండి అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

మెలకువగా ఉంచడమెలా? టీవీ పెడితే నిద్రపోయేది. పాప పక్కన కూర్చుని పాటలు పాడితే నిద్రపోయేది. వాక్యం చదివితే మరీ తొందరగా నిద్రపోయేది. ఒక్కటే పనిచేసింది, పోట్లాట. మధ్యాహ్నం అన్నాలయ్యాక కిటికీ బార్లా తెరిచి, ఆమె మంచం పక్కకు మిషను జరుపుకుని మొదలుపెట్టేదాన్ని. నా పాలు చాలలేదన్నారు కదా అత్తయ్యా, అని ఒక్క మాట వదిలితే చాలు, కళ్ళు విచ్చుకునేవి. సాయంత్రందాకా పాతవన్నీ తవ్వుకునేవాళ్ళం. రాత్రికి ఆమె అలిసిపోయి పడుకునేది. మంచాన పడ్డ ముసలిదాన్ని కోడలు కాల్చుకు తింటోందని ఎవరో చాడీలు మోశారు కాబోలు, పాస్టరు గారు సహనం గురించి చెప్పడానికి వచ్చారు. మా అత్త ఆయన చెయ్యి పట్టుకుని, నన్ను పండనియ్యది అయ్యగారూ గీ పిల్ల, అని ఫిర్యాదు చేసింది. ఆయన నాకు బుద్ధి చెప్పి గేటు దాటాడో లేదో, ఇటు తిరిగింది.

"యాడ ఆపినం?" అంది.

ఆఖరి రోజు కూడా అలాగే కూర్చున్నాం. జావ రెండు చెంచాలు తాగి ఇంక చాలంది. నేను దిండ్లు ఎత్తు పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పి, మిషను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి. చిన్నచిన్న గొడవలతో లాభం లేదని అన్నిటికంటే పెద్దదే తీశాను.

"పాప పడుకుంది మీ నూనెతో కాదు అత్తయ్యా. నేను చెప్పినట్టు కిటికీ తెరిస్తేనే పడుకుంది."

జవాబు రాలేదు. దారం వదిలేసి తలెత్తి చూశాను. ఎండ ఆమె మొహం మీద పడుతోంది. ఆ మాటకు ఆమె జవాబు చెప్పలేదంటే ఇంక చెయ్యి పట్టుకుని నాడి చూడక్కర్లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. అయినా మంచం దగ్గరికి జరిగి అదే మాట ఇంకోసారి అన్నాను, ఈసారి గట్టిగా.