పచ్చబొట్లామె ముంజేయి

మొన్న జనగామలో మా మనవరాలు టాటూ వేయించుకుంటానని మారాం చేస్తే తోడు వెళ్లాను. ఏసీ గది, చేతులకు తొడుగులు, గుయ్యిమనే మిషను, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, టాటూ వేసే కుర్రవాడి మీద నాకెందుకో నమ్మకం కుదరక, ఈ రంగు ముందు నీ చేతిమీద పొడుచుకుని చూశావా నాయినా అని అడిగాను. అతను నవ్వాడు. మనవరాలు తల పట్టుకుంది. ఏం చేయను, అనుమానం మా అమ్మ నాకిచ్చిన ఆస్తి.

మాది నెల్లికుదురులో కిరాణా దుకాణం. వచ్చేపోయే వాళ్ల చేతుల మీద కన్నేసి ఉంచీ ఉంచీ, అమ్మకు మనుషులను నమ్మడమే చేతకాకుండా పోయింది. ఆ రోజుల్లో మా ఇళ్లలో ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లేలోపు చేతిమీద పచ్చబొట్టు పడాలి, లేకపోతే అక్కడ చులకన. అక్కను రఘునాథపల్లికి పంపే ముహూర్తం దగ్గర పడుతుండగా, గార్ల వైపు నుంచి ఒక పచ్చబొట్లామె వచ్చి మా అరుగు మీద దిగింది. దీపపు మసిలో గుంటగలగరాకు పసరు కలిపి కొబ్బరి చిప్పలో నూరింది, సూదితో తన ముంజేతి మీదే ఒక చుక్క పొడుచుకుంది, ఆపైన రోజుల తరబడి ఊరికే కూర్చుంది. ఎప్పుడడిగినా ఇంకా ఆగమనేది. మోచేతి దాకా ఆమెకు అలాంటి చుక్కలే, ఒక బొమ్మ లేదు, ఒక పేరు లేదు.

అమ్మకు ఇక కంటిమీద కునుకు లేదు. ఒక్కో చుక్కా ఒక్కో ఇంటి గుర్తేమో, దొంగలకు ఆనవాళ్లు చెబుతుందేమోనని ఇత్తడి బిందెలు లోపల పెట్టించింది. పక్కింటావిడ మంత్రాలేమో అంటే అదీ నమ్మింది. కిటికీ దగ్గర నన్ను కాపలా పెట్టింది. తీరా తెల్లారితే ప్రయాణమనగా, ఆ పచ్చబొట్లామె రంగంతా పెంటకుప్పలో పారబోసింది.

“గీ రంగు మంచిగ లేదమ్మా, బిడ్డకు పొడవను” అంది.

“గిన్నొద్దులు మా అరుగు మీద కూసోని, గిప్పుడు గిట్లంటవేంది?” అని అమ్మ మండిపడింది.

ఆమె కొంగు తొలగించి ముంజేయి చూపింది. కొత్త చుక్క చుట్టూ ఎర్రగా వాచి ఉంది. కావాలని గీరుకుందని అమ్మ తేల్చేసి, ఆమెను అరుగు దింపి పంపేసింది. అక్క పచ్చబొట్టు లేని చేయి కొంగులో దాచుకుని, ఏడుస్తూ బండెక్కింది.

బతుకమ్మకు వచ్చినప్పుడు చూస్తే అక్క చేతిమీద పచ్చగా తులసికోట. ఆ పచ్చబొట్లామె అక్క అత్తవారిల్లు వెతుక్కుంటూ రఘునాథపల్లికి వెళ్లిందట. మళ్లీ కొత్తగా నూరిన రంగుతో పొడుచుకుని, మానిపోయిన చుక్కను అక్కకు చూపించి, ఆ తరువాతే సూది పట్టిందట. నూరిన ప్రతి రంగూ ముందు తన ఒంటికేనట.

“గంత దూరం ఊకెనే పోతదా, ఏదో మతలబు ఉంటది” అంది అమ్మ, అలవాటు కొద్దీ. అన్నదే గానీ, మరుసటేడు అరుగు కడిగించి మరీ ఆమె కోసం ఎదురుచూసింది. గార్ల నుంచి వచ్చేవాళ్లనల్లా అడిగింది. ఆమె మా గడప మళ్లీ తొక్కలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

ఇప్పుడు అమ్మా లేదు, అక్కా లేదు, తులసికోట అక్కతోనే వెళ్లిపోయింది. మా ఇంట్లో మేము ఊరందరినీ అనుమానించాం. ఆమె మాత్రం తను నూరిన రంగునే అనుమానించింది. మొన్న మనవరాలు చేయి చాపుతుంటే, నా కళ్లు ఆ కుర్రవాడి ముంజేతినే వెతికాయి. బొమ్మలు చాలానే ఉన్నాయి, చుక్క ఒక్కటీ లేదు.