బండల మీద కళ్ళాపి

మా మెట్ట ఊళ్ళలో వాన పడితే అదే పెద్ద పండగ. కానీ నా చిన్నప్పుడు ఒక ఏడు ఆ వానే మా ఇంట్లో దిగులు తెచ్చిపెట్టింది.

మాది ఉదయగిరి. వంటింటి తలుపు తీస్తే వసారా, వసారా మెట్టు దిగితే పెరడు. మెట్టు దగ్గర్నుంచి బావి దాకా నల్లటి కడప బండలు పరిచి ఉండేవి. మా అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, బద్వేలు వైపు నుంచి ఎద్దులబండ్ల మీద తెప్పించి, దగ్గర నిలబడి పరిపించుకున్న బండలవి. ఒక అంచున కరివేపాకు చెట్టు, ఇంకో అంచున మల్లెపాదు. అవ్వ సంసారమంతా ఆ బండల మీదే. సజ్జలు చెరిగేది అక్కడే, తల ఆరబెట్టుకునేది అక్కడే, పక్కిళ్ళ ఆడవాళ్ళని కూచోబెట్టుకుని ఊరందరి సంగతులూ విచారించేది అక్కడే. ఎవరన్నా కాళ్ళు కడుక్కోకుండా తొక్కారా, వాళ్ళ పని అయిపోయినట్టే. నోరు అట్టాంటిది మా అవ్వకి. నాకూ అదే నోరు వచ్చిందని మా ఇంట్లో అంటారు. అననీ, నాకేం.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. బండల మీద పాచి కట్టింది. ఒక పొద్దున అవ్వ బావికి పోతూ జారి పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. మర్రిపాడు వైపు నుంచి కట్లు కట్టే ఆయన్ని పిలిపించారు. ఆయన వెదురుబద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పూసి కట్టు కట్టి, కాలు కదిలించొద్దని చెప్పిపోయాడు. కట్టు విప్పేనాటికి వాపు లేదు, వంకర లేదు. ఎముక చక్కగా అతుక్కుంది, ఇంక నడవాలన్నాడు. పోతూ పోతూ వీధిలో నాయనతో చెప్పిన మాట కూడా నా చెవిన పడింది. ఇప్పుడు లేవకపోతే కాలు బిగుసుకుపోతుందనీ, ఆ తర్వాత ఇంక మంచమేననీ.

అవ్వ మాత్రం కాలు కింద పెట్టలేదు. "నా వల్ల కాదు నాయనా, మళ్ళీ పడతాను" అనేది. ఊరంతా వినబడే గొంతు గల మనిషి ఆ మాట మాత్రం చిన్నగా అనేది. నాయన బతిమాలాడు, కసురుకున్నాడు. ఒకసారి చంకల్లో చేతులేసి లేపబోయాడు. అవ్వ పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇంక నాయన కూడా చేతులెత్తేశాడు.

నాకు భయం పట్టుకుంది. మా వీధి చివర ఒక ముసలమ్మ అట్టాగే మంచం పట్టి మళ్ళీ లేవనే లేదు. నేను రోజూ అవ్వ పక్కలో పడుకునేదాన్ని. దుప్పటి కింద నా పాదంతో ఆమె పాదాన్ని తాకి చూసేదాన్ని. వెచ్చగా తగిలితే కాస్త ధైర్యం వచ్చి నిద్రపోయేదాన్ని.

ఇక అమ్మ. అమ్మ మాటకారి కాదు. అత్త ఎంతన్నా తలొంచుకుని పని చేసుకుపోయేది. పనిలో మాత్రం ఆమెకి వంక పెట్టడానికి లేదు. ఏటా వానలు వెలిశాక ఆ బండలు కడిగేది అమ్మే. కొబ్బరిచిప్ప అంచుతో పాచి గీకి, ఇసుకా సున్నమూ చల్లి, పీచుతో రుద్ది, మెట్టు దగ్గర మొదలుపెట్టి తూము వైపు నీళ్ళు కొట్టేది. ఆ ఏడు ఎందుకో వాటి జోలికే పోలేదు. బండలన్నీ తమలపాకు రంగుకి తిరిగాయి. మేమంతా మట్టి మీదుగా చుట్టుతిరిగి బావికి పోతున్నాం.

ఒకరోజు ఎండ బాగా కాసింది. ఒంటికి ఎండ తగలనీ అని అమ్మ అవ్వ మంచాన్ని వసారాలోకి లాగించింది. నాయన పొలానికి పోయాడు. అమ్మ కుచ్చెళ్ళు పైకి దోపుకుని బక్కెట్టు తెచ్చింది. ఏముందా అని చూద్దును గదా, పేడనీళ్ళు! బండల మీద కళ్ళాపి చల్లడం మొదలుపెట్టింది. మట్టి వాకిట్లో చల్లే కళ్ళాపి, రాతిబండల మీద, అందులోనూ పాచి మీద! నేను నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్నాను.

మంచంలో అవ్వ తలెత్తింది.

"ఏమ్మే, బండల మీద కళ్ళాపేంది?"

"పాచి పోతాదని, అత్తా."

"పోతాదా? ఎరువేసినట్టు ఇంకా పెరుగుతాది!"

అమ్మ సరేనని మెత్త చీపురు తీసుకుని రుద్దింది. పాచీ పేడా కలిసి ఇంకాస్త జిడ్డయింది. అవ్వ గీకమంది. అమ్మ చిప్ప అంచుతో కాకుండా గుండ్రటి వీపుతో గీకింది. అవ్వ నెత్తి కొట్టుకుంది. నీళ్ళు పొయ్యమంటే పోయి పోయి తూము దగ్గర మొదలుపెట్టింది. పైనున్న మురికంతా కడిగిన చోటికే దిగొచ్చింది. ఇంకేముంది, అవ్వ అందుకుంది. అమ్మనీ, అమ్మ పుట్టింటివాళ్ళనీ, వాళ్ళు ఆడపిల్లకి పని నేర్పిన తీరునీ, చివరికి వాళ్ళ వింజమూరునీ కలిపి తిట్టింది. అమ్మ తల వంచుకునే వింది.

"నువ్వు చెప్పేది నాకు అర్థం కావడంలా అత్తా. నాకు చేతకాదు."

"చేతకాకపోతే తే ఇట్టా!" అంటూ అవ్వ కాళ్ళు కిందికి దించింది.

అవ్వ వసారా గుంజ పట్టుకుని లేచింది. మెట్టు దిగింది. ఆ పాదం బండని తాకేటప్పుడు అమ్మ చిప్ప పట్టుకునే ఒక అడుగు ముందుకేసింది. పాదం జారలేదు. ఇంకో అడుగు వేసింది. అదీ జారలేదు. అమ్మ చేతిలోంచి చిప్ప లాక్కుని, నేను గబగబా తెచ్చిన పీట మీద కూచుని, గరగరా గీకడం మొదలుపెట్టింది.

ఇంక ఆమె చెప్పడం, మేం చేయడం. పీట జరుపుకుంటూ బండా బండా దాటింది. అమ్మ ఇసుక చల్లింది, నేను నీళ్ళందించాను. మధ్యాహ్నానికి బండలు మళ్ళీ నల్లగా తేలాయి. అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి నిలబడింది. తను బావిగట్టు దగ్గరుంది, మంచం అక్కడెక్కడో వసారాలో ఉంది. ఒకసారి వెనక్కి చూసింది, ఒకసారి తన పాదాల వైపు చూసుకుంది. అప్పుడే పొలం నుంచి వచ్చిన నాయన గడపలోనే కూలబడి, పైపంచ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మెట్టు కింద మొదటి బండల మీద నేను కాలు పెట్టి చూశాను. గరుకుగా ఉన్నాయి. మేం అక్కడ ఇసుక రుద్దనే లేదు. అమ్మ పొద్దున్నే, అవ్వ నిద్ర లేవకముందే, వాటిని శుభ్రంగా గీకి పెట్టింది. పైన పేడనీళ్ళు చల్లేసరికి ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఆ పూట అందరం బండల మీదే అన్నాలకి కూచున్నాం. సగం తిన్నాక అవ్వ అంది, "ఏటేటా ఈ బండలు కడిగేది ఎవరో నాకు తెలీదా మే? నువ్వు కళ్ళాపి చల్లినప్పుడే నీ నాటకం తెలిసింది."

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "తెలిసి కూడా లేచినావా అత్తా?"

"ఏం చేసేది! బండల మీద పేడ చూస్తా ఎట్టా పడుకునేది?"

అమ్మ భోరున ఏడ్చేసింది. అవ్వ ఎడమచేత్తో ఆమె వీపు నిమిరింది. "ఏడవబాక, అన్నం తిను" అంది. ఆ రాత్రి నేను అవ్వ పాదం తడిమి చూడకుండానే నిద్రపోయాను. అంత హాయి నిద్ర నాకు మళ్ళీ ఎప్పుడు పట్టిందో గుర్తు లేదు.

ఇప్పుడు ఆత్మకూరులో కొడుకు దగ్గరుంటున్నాను. మోకాలికి ఆపరేషనయింది. డాక్టరు నడవమంటాడు, నేను వినను. మొన్న వానలకి మేడమెట్ల మీద పాచి పట్టింది. నా కోడలు బక్కెట్టు తెచ్చి, సర్ఫునురగ చేసి, కింది మెట్టు దగ్గర మొదలుపెట్టి పైకి కడుక్కుంటూ పోతోంది. మురికంతా మళ్ళీ కిందికే కారుతోంది. అంతా నా కుర్చీకి ఎదురుగానే. పైమెట్టు నుంచి కడగాలని దానికి తెలీదా? ఈ బండల కథ దానికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. గోడ పట్టుకున్నాను.

"ఆగు మే, తే ఇట్టా ఆ చీపురు" అని లేచాను.