పిన్నిగారి ఏట్రింత

శివరాత్రి వెళ్ళిన వారానికి మా పక్కింటి పిన్నిగారు పోయారు. పొద్దున్న ఏడైనా ఆవిడ కోళ్ళగంప ఎత్తలేదు, బాతుల గూడు తలుపు తియ్యలేదు. లోపల్నుంచి బాతులు ఒకటే గోల. మా ఆవిడ కంచె దగ్గర నిలబడి రెండు కేకలేసి, జవాబు రాకపోయేసరికి నన్ను పంపింది. వెళ్ళి చూస్తే నిద్రలోనే వెళ్ళిపోయినట్టున్నారు, కప్పుకున్న దుప్పటి కూడా చెదరలేదు. డాక్టరుగారు వచ్చి గుండె ఆగిందన్నారు. జొన్నాడలో ఉన్న వాళ్ళమ్మాయికి ఫోను చేశాను. తర్వాత ఏం చెయ్యాలో తోచక దొడ్లోకి వెళ్ళి గంప ఎత్తాను. ఆ పూట నాకు చేతనైన పని అదొక్కటే.

ఆవిడ నాకు చుట్టం కారు. రాజోలు దగ్గర మా ఊళ్ళో వరసలకి చుట్టరికం అక్కర్లేదు. మా అమ్మ ఆవిణ్ణి చెల్లెమ్మా అనేది కాబట్టి నాకు పిన్నిగారు. పద్నాలుగేళ్ళు మస్కట్‌లో డ్రైవరుగా చేసి నేను తిరిగొచ్చేసరికి మా అమ్మ లేదు, పిన్నిగారు ఉన్నారు. "ఇవాళ ఏం కూర అబ్బాయ్" అని కంచె అవతల నుంచి అడిగే గొంతు ఒకటుండడం ఎంత అదృష్టమో అప్పట్లో నాకు పట్టలేదు. కూర ఏదైతే ఆవిడకెందుకని విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

కాలువ గట్టుకి ఆనుకున్న దొడ్డి ఆవిడది. చుట్టూ కొబ్బరిచెట్లు, మధ్యలో ఒక మామిడి, మూలన పెంటకుప్ప. ఎనిమిది నాటుకోళ్ళు, డజను బాతులు. ఇవి పెంచినవి. పెంచకుండా వచ్చేవి వేరే: గోరింకలు, పిచ్చికలు, పిగిలిపిట్టలు, కాలువలోంచి భయం భయంగా ఎక్కి వచ్చే ఒక నీటికోడి, ఇక కాకులు సరేసరి. గోరింకలైతే వంటింటి గడప దాకా వచ్చి అరిచేవి. "వస్తున్నానర్రా, అట్టు తిరగెయ్యనివ్వరా" అని లోపల్నుంచి ఆవిడ జవాబు. కొత్తవాళ్ళు వింటే ఇంటినిండా మనవలున్నారనుకునేవారు.

ఆవిడ చేతిలో నూకలు పోసుకుని మెట్టు మీద కూర్చుంటే గోరింకలొచ్చి అరచేతిలోనే తినేవి. నేనూ ఓ రోజు పక్కన కూర్చుని చెయ్యి చాపాను. అరగంటకి చెయ్యి తిమ్మిరెక్కింది తప్ప ఒక్కటీ రాలేదు. ఒక కోడి మాత్రం వచ్చి నా ఉంగరాన్ని పొడిచింది.

"వాటి వంక గుచ్చి గుచ్చి చూస్తున్నావు" అన్నారు పిన్నిగారు.

"చూడకపోతే వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందండి?"

"తినేవాళ్ళ నోట్లోకి చూస్తే ఎవరికైనా ముద్ద దిగుతుందిటోయ్? పెట్టి ఊరుకోవాలి."

ఆవిడ మాటలన్నీ ఇలాగే ఉండేవి. సూక్తులు చెబుతున్నట్టు చెప్పేవారు కాదు, పనిలో ఉండి అనేసేవారు. ఓ ఏడాది బాతుగుడ్లని కోడి కింద పొదగేశారు. పిల్లలు లేచిన నాలుగోనాడు గట్టు దిగి కాలువలోకి జారుకున్నాయి. పెంపుడుతల్లి గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ ఊరంతా వినబడేలా ఏడుపు. నేను నవ్వాను. పిన్నిగారు మాత్రం దాని పక్కనే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గొంతుక్కూర్చున్నారు. "పిల్లలకి ఈత వచ్చినా తల్లికి గట్టు మీద పని ఉంటుందే" అని దానికి చెప్పారు. పిల్లలు ఒడ్డెక్కేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

ఇన్ని పిట్టల్లో ఆవిడకి అసలైన నేస్తం మాత్రం ఏట్రింత. నల్లగా నిగనిగలాడుతూ, తోక చివర కత్తెరలా చీలి ఉంటుంది. మేసే గేదెల వీపుల మీద ఎక్కి తిరుగుతుంటే మీరూ చూసే ఉంటారు. అది నూకలు తినదు, చేతి మీదికి రాదు, మచ్చిక కాదు. అయినా ఒక జంట ఆ మామిడిచెట్టు మీదే మకాం. పిన్నిగారు రోజూ పొద్దున్నే పార పట్టుకుని పెంటకుప్ప తిరగేసేవారు. కిందనుంచి వచ్చే ఎర్రలకీ పురుగులకీ కోళ్ళూ బాతులూ ఎగబడేవి. గాలిలోకి లేచిన రెక్కల పురుగుల్ని ఏట్రింతలు వచ్చి ఎగురుతూనే పట్టుకుపోయేవి. కడుపు నిండాక కరెంటు తీగ మీద కూర్చుని ఆకాశంకేసి చూస్తుండేవి. గద్ద నీడ కనబడితే చాలు, తమ కంటే నాలుగింతలున్నదాని వీపు మీద పడి, పొడిచి పొడిచి కాలువ దాటించి వచ్చేవి. ఆవిడ దొడ్లో గద్ద తన్నుకుపోయిన కోడిపిల్ల లేదని ఊళ్ళో చెప్పుకునేవారు. ఏదో మంత్రం ఉందని కూడా అనేవారు.

ఈ సంగతంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే బాగుండేది.

మూడేళ్ళ క్రితం వేసవిలో ఆవిడ నాలుగు రోజులు కూతురింటికి వెళుతూ దొడ్డి నాకు అప్పజెప్పారు. నాకేమో పెంటకుప్ప కంపు పడదు. బజారులో దాణా కొనుక్కొచ్చి గుమ్మం దగ్గరే జల్లి, పని అయిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం లోపు గద్ద రెండు కోడిపిల్లల్ని, ఒక బాతుపిల్లని ఎత్తుకుపోయింది. పరువు పోయినట్టనిపించింది. ఆవిడకి ఏం చెప్పను? పరాయి దేశంలో పద్నాలుగేళ్ళు ఉండొచ్చినవాడికి ప్రతిదానికీ ఓ సామాను తెచ్చి బిగించేస్తే సరిపోతుందన్న జబ్బు ఒకటి పట్టుకుంటుంది. మస్కట్‌లో నాతో గదిలో ఉన్న స్నేహితుడిది అంతర్వేది, చేపల వేటకెళ్ళే కుటుంబం. మర్నాడే బండేసుకుని వెళ్ళి వాళ్ళ పాత నైలాను వల తెచ్చాను. కొబ్బరిచెట్టు నుంచి కొబ్బరిచెట్టుకి లాగి, దొడ్డి మొత్తానికి పందిరిలా కట్టేశాను. గద్ద వచ్చింది, రెండు చుట్లు తిరిగింది, పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిన్నిగారు ఆటో దిగి దొడ్లోకి రాగానే ఎదురెళ్ళాను. "మొదటిరోజు మూడు పోయాయండి. తర్వాత ఒక్కటి తగ్గితే ఒట్టండి" అన్నాను. ఆవిడ కోళ్ళకేసి చూడలేదు. తలెత్తి పైకి చూశారు. మామిడిచెట్టు పక్కన వల మూలలో ఏట్రింత వేలాడుతోంది. ఎప్పుడు చిక్కుకుందో నాకు తెలియదు. రోజూ కింద కోళ్ళని లెక్కపెట్టుకోవడమే తప్ప నేను పైకి చూడనేలేదు.

స్టూలు తెమ్మన్నారు. నేనెక్కుతానన్నా వినలేదు. కత్తెరతో ఒక్కొక్క పోగూ కత్తిరించి, ప్రాణమున్నదాన్ని విడిపించినంత నెమ్మదిగా దాన్ని చేతిలోకి తీసుకున్నారు. మామిడి చిటారుకొమ్మన గూడు సగం కట్టి ఉంది. రెండోది రెండు రోజులు ఆ చెట్టు చుట్టూ అరుస్తూ తిరిగింది. మూడోరోజు కనబడలేదు.

"నేను లేని రోజుల్లో పెంట తిరగేశావా అబ్బాయ్?" అని అడిగారు ఆ సాయంత్రం.

"లేదండి. దాణా వేశానండి."

"అదీ సంగతి. దాని జీతం ఎగ్గొట్టేవు. ఇంక కాపలా ఏం కాస్తుంది?"

ఆవిడే మళ్ళీ, "మంచికే చేశావులే. మంచికి చేసినవాణ్ణి తిట్టకూడదు. కానీ అడిగి చెయ్యాలి" అన్నారు. అంతే, ఆ వల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టి ఉంటే నా నోటి నుంచి కూడా ఒక మాట వచ్చుండేది. తప్పయిపోయింది పిన్నిగారూ అన్న మాట మూడేళ్ళూ నా గొంతులోనే ఉండిపోయింది. దానికి బదులు ఆవిడ పంపు బాగుచేశాను, కంచె కొత్తది కట్టాను, కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళాను. చేసిన ప్రతిసారీ "నీకెందుకోయ్ శ్రమ" అనేవారు. ఎందుకో ఆవిడకి తెలుసనే అనుకుంటాను.

వల విప్పేశాక మిగతా పిట్టలన్నీ నెల తిరక్కుండా వచ్చేశాయి. ఏట్రింత రాలేదు. ఊరి పొలాల్లో ఉన్నాయి, మా తీగల మీద మాత్రం వాలవు. ఆవిడ మానలేదు. మోకాళ్ళు పట్టేసినా రోజూ పెంట తిరగేసేవారు. అది కూర్చోవడానికి వీలుగా ఉంటుందని ఒక వెదురుగెడ పాతించారు. దాని మీద కాకులు కూర్చునేవి. కోళ్ళకి పిల్లలు లేచినప్పుడల్లా గొడుగేసుకుని తనే కాపలా కూర్చునేవారు. పార గోడకి ఆనించాక ఒకసారి తీగ వంక చూసి, "ఇవాళా రాలేదు అబ్బాయ్" అనేవారు. అందులో దెప్పుపొడుపేమీ ఉండేది కాదు. వాన రాలేదనీ బస్సు రాలేదనీ చెప్పినట్టే చెప్పేవారు. నాకు మాత్రం రోజూ గుచ్చుకునేది. "వస్తుందిలెండి" అనేవాణ్ణి. "ఆయ్, రాక ఎక్కడికి పోతుంది. మనమే దానికి నమ్మకం పోగొట్టేం, మనమే ఓపిక పట్టాలి" అనేవారు. తప్పు నాదైతే 'మనం' అని అందులో ఆవిడ కూడా చేరేవారు.

ఆవిడ పోయిన పదోరోజున కాలువ గట్టున పిండం పెట్టారు. మామూలుగా కాకి ముట్టడానికి ఎంతో బతిమాలుకోవాలి. పోయినవాళ్ళకి తీరని కోరికేదైనా ఉంటే కాకి ముట్టదంటారు కదా. ఇక్కడ ఆకు కింద పెట్టకముందే ముప్ఫై కాకులు దిగాయి. పంతులుగారు చెయ్యి వెనక్కి లాక్కోవలసి వచ్చింది. "మహాతల్లి, ఏ కోరికా మిగుల్చుకోకుండా వెళ్ళిపోయింది" అన్నారందరూ. ఒకటి మిగిలిందని నాకు తెలుసు. అది మిగలడానికి కారణం ఎవరో కూడా తెలుసు. ఆ కాకులు వచ్చింది స్నేహం కొద్దీ.

వెళ్ళేరోజు వాళ్ళమ్మాయి వంటింటికి తాళం వేసి, "అన్నయ్యా, కోళ్ళనీ బాతుల్నీ మీరే ఉంచుకోండి. అమ్మ వాటిని మీకు తప్ప ఎవరికీ ఇవ్వదు" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడ్చాను కూడా. అన్నిటినీ మా ఇంటికి తోలుకొచ్చి, సిమెంటు గచ్చు చేయించిన షెడ్డులో పెట్టాను. మర్నాడు తలుపు తీశానో లేదో బాతులు కాలువలో దిగి, ఈదుకుంటూ వెళ్ళి పిన్నిగారి మెట్ల ముందు వరసగా నిలబడ్డాయి. మూడు రోజులు తోలుకొచ్చాను, మూడు రోజులూ వెళ్ళిపోయాయి. నాలుగోరోజు నేనే ఓడిపోయి గంపా గూడూ మళ్ళీ అక్కడే పెట్టేశాను. పెంచినవాటినైతే తోలుకొచ్చుకోగలను, కనీసం ప్రయత్నం చెయ్యగలను. గడప దగ్గరికొచ్చి అరిచే గోరింకలకి ఇల్లు మారిందని ఎలా చెప్పను?

కాబట్టి ఇప్పుడు పొద్దున్నే నేనే వెళుతున్నాను. మెట్టు మీద నూకలు పోస్తాను. ముక్కుకి తువ్వాలు కట్టుకుని పెంట తిరగేస్తాను. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ వయసులో ఆవిడ ఈ పని ఎలా చేసేవారో నాకు అర్థం కాదు. పని చేస్తున్నంతసేపూ ఆవిడతో మాట్లాడాలనిపిస్తుంది. ముఖ్యంగా ఆ ఒక్క మాట. ఎదురుగా మనిషి ఉన్న మూడేళ్ళలో రానిది, ఇప్పుడు పారవేటు పారవేటుకీ నోటిదాకా వస్తోంది.

మొన్న మంగళవారం పొద్దున్న కుప్పలో సగం తిరగేశాను. ఎండ ఇంకా మామిడి కొమ్మల్లోనే ఉంది. కోళ్ళు కాళ్ళకడ్డం పడుతున్నాయి. నా ముఖం ముందు నుంచి నల్లగా ఏదో దూసుకుపోయింది. కాకి అనుకున్నాను. అది గాలిలోనే ఒక పురుగుని పట్టుకుని, నాకు నాలుగడుగుల దూరంలో కంచె గుంజ మీద వాలింది. తోక చివర రెండుగా చీలి ఉంది. మెడ వంచి కుప్పకేసి చూసింది, మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పట్టింది, మళ్ళీ అదే గుంజ మీద కూర్చుంది.

పార వదిలేసి వెనక్కి తిరిగి, "పిన్నిగారండీ! వచ్చిందండీ!" అని ఒక్క కేక పెట్టాను.

కోళ్ళు బెదిరి పక్కకి తప్పుకున్నాయి. పిట్ట లేచి తీగ మీదకి వెళ్ళి కూర్చుంది. ఎదురుగా వంటింటి తలుపుకి తాళం వేలాడుతోంది. అయినా జవాబు కోసం నేను కాసేపు అలాగే నిలబడ్డాను.