బాలింతకు చెంబెడు నీళ్ళు

మా వీధిలో ఎవరింట్లో పురుడు వచ్చినా మొదటి కబురు పక్కింటి ఆమెకే పోతుంది. చుట్టాలకు ఆ తర్వాత. ఆమెది ముస్లింల ఇల్లు. భర్తకు బస్టాండు దగ్గర పరుపులు కుట్టే దుకాణం ఉండేది. ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. మార్కాపురంలో ఆ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ముప్పై ఏళ్ళుగా ఆమె నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లే అంటాను. మామూలు రోజుల్లో ఆమె వంట అందరి వంటలాంటిదే. బాలింతకు వండమంటే మాత్రం ఆ చేతికి ఎక్కడి నుంచి వస్తుందో గానీ వేరే తెలివి వస్తుంది. మావాళ్ళు పిలుస్తారు, చర్చికి పోయేవాళ్ళు పిలుస్తారు, వాళ్ళవాళ్ళు సరేసరి.

నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. మూడో తరగతితో నా బడి మాన్పించారు. ఆ తర్వాత నేను నేర్చిన చదువంతా కొలతే. బియ్యం కొలత, నూనె కొలత, కిరసనాయిలు ఉన్న రోజుల్లో దీపానికి వత్తి కొలత. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేస్తుందని నా వెనకాల అంటారు. అననీ. అర్ధవీడు పక్క రెండెకరాల మెట్టచేనుతో ముగ్గురు పిల్లల్ని పెంచింది ఆ కొలతే. కానీ కొలవకూడనిది ఒకటి కొలిచి ఒక పసిబిడ్డ ప్రాణం మీదికి తేబోయాను. దాన్ని ఆపింది ఆమె.

మా చిన్నకోడలిది యర్రగొండపాలెం పక్క పల్లె. తల్లి లేదు, పెళ్ళికి ముందే పోయింది. తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవాలి గానీ, తల్లి లేని పుట్టింట్లో ఎవరు చేస్తారు? నేనే చేస్తానన్నాను. అప్పుడే వీధిలో ఒక మాట పుట్టింది. "ఆ అత్త నెయ్యి గరిటెతో కాదు, వేలితో వడ్డిస్తది. పిల్ల బతికి బట్టకడితే చాలు" అని. ఆ మాట నా చెవిన పడింది. సరే, చేసి చూపిస్తాననుకున్నాను.

కాన్పు ఆపరేషనైంది. ఆడపిల్ల. సరిగ్గా ఆ వారమే పక్కింటి ఆమె తన కూతురి కాన్పుకని గిద్దలూరు పోయి ఉంది. నాకేం దిగులు కలగలేదు. మా అత్త నాకు చేసిన పత్యం నాకు గుర్తే. రెండేళ్ళ పాత బియ్యం ఈ పిల్ల కోసమే వేపాకు వేసి దాచి ఉంచాను. నెయ్యి ఇంట్లో కాచిందే. శొంఠి, పిప్పళ్ళు, వాము, బెల్లం దంచి కాయం చేసి ఉండలు కట్టాను. పొద్దున పరగడుపున ఒక ఉండ, ఆపైన వెల్లుల్లి కారంతో నెయ్యన్నం, రాత్రికి కాల్చిన వంకాయ లేకుంటే మునగాకు వేపుడు. నెయ్యి దగ్గర వేలు కాదు, గరిటే వాడాను. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

నీళ్ళు మాత్రం పూటకు ఒక గ్లాసు. అదీ శొంఠి వేసి కాచినవి. పచ్చి ఒంటికి నీళ్ళు ఎక్కువ పట్టిస్తే పొట్ట జారుతుందని, కుట్లు చీము పడతాయని, బిడ్డకు జలుబు చేస్తుందని మా అత్త చెప్పేది. ఆమెకు వాళ్ళ అత్త చెప్పి ఉంటుంది. ఆ పిల్ల ఒకటి రెండు సార్లు "అత్తా, గొంతు ఎండుతాంది" అంది. "ఓర్చుకోవాలమ్మా. నేను ముగ్గురిని కని ఓర్చుకున్నా" అన్నాను. మళ్ళీ అడగలేదు.

కుట్లు ఆరి, స్నానం చేయించవచ్చని ఆసుపత్రిలో చెప్పాక వావిలాకు వేసి కాచిన నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాను. నేను వీపుకూ నడుముకూ పోసి వచ్చేస్తే మిగతా నీళ్ళు తనే పోసుకునేది. రెండో రోజు నుంచి సాయంత్రం కూడా పోసుకుంటానంది. కట్టెలు దండగ అనుకున్నాను గానీ లోపల సంతోషించాను. సోమరిపిల్ల కాదు, శుభ్రం ఎరిగిన పిల్ల అనుకున్నాను. ఎదురింటామెతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కానీ బిడ్డ ఏడుపు మానలేదు. రొమ్ము పట్టేది, నాలుగు గుక్కలు లాగి వదిలేసి ముఖం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. తల్లి కంచంలో సగం అన్నం అట్లనే ఉండేది. నేను ఎదురుగా కూర్చుని "తిను, తిను" అనేదాన్ని. నోట్లో ముద్ద పెట్టుకుని ఎంతసేపో నమిలేది. ఇంత నెయ్యి పోసి పెడితే ఈ మొండితనం ఏమిటని నాకు కోపం.

ఇళ్ళకు తిరిగే నర్సమ్మ వచ్చి బిడ్డను తూచింది. ముఖం చిట్లించింది.

"పుట్టినప్పటి బరువు కూడా లేదు గదమ్మా. పాలు సాలడం లేదా? నీళ్ళు బాగా తాగుతాండావా?"

కోడలు ఒకసారి నా వైపు చూసి, తల దించుకుని, "తాగుతాండా" అంది.

"వారం చూస్తా. పెరక్కపోతే పెద్ద డాక్టరుకు చూపియ్యాల. డబ్బా పాలు మొదలుపెట్టాల్సి రావచ్చు."

నర్సమ్మ పోయాక, పిల్ల ఇంటి గుట్టు కాపాడిందని నేను మెచ్చుకున్నాను. నా బుద్ధి అంతవరకే పోయింది. డబ్బా పాలు అన్న మాట మాత్రం గుండెలో ముల్లులా దిగింది. మా ఇంట్లో ఏ బిడ్డా డబ్బా పాలు తాగలేదు.

మరునాడు పొద్దున పక్కింట్లో తాళం తీసిన చప్పుడైంది. గిద్దలూరు బస్సు దిగి సంచి గుమ్మంలో పెట్టి, కాళ్ళైనా కడుక్కోకుండా మా ఇంటికే వచ్చింది. బిడ్డను ఒళ్ళో వేసుకుని చూసింది. పెదాలు తడిమింది. నడినెత్తిన వేలు పెట్టి చూసింది. అప్పుడు తల్లి వైపు తిరిగి అడిగింది.

"బేటీ, నీకు జెరమొచ్చి తగ్గినాక మీ అమ్మ ఏం వండి పెట్టేది?"

ఆమె ఏ బాలింతకు వండాలన్నా ముందు అడిగేది ఇదే. నాకు అప్పటిదాకా తెలియదు. మా ఇంటికి వచ్చి రెండేళ్ళైనా మా కోడలు తన తల్లి మాట ఎత్తగా నేను వినలేదు. నేనూ అడిగింది లేదు. ఆ పిల్ల మెల్లిగా చెప్పింది.

"సొరకాయ, పిన్నమ్మా. లేతది. పాలు పోసి ఉడకేసి, పైన మిరియాలు దంచి ఏసేది."

"సొరకాయా!" అన్నాను నేను. "బాలింతకు సొరకాయ ఎవురన్నా పెడ్తారా చెల్లే? చలవ గాదూ?"

"మిరియాలేస్తా, వెల్లుల్లేస్తా, శొంఠేస్తా. ఇంగ చలవ యాడుంటదక్కా? జడుసుకోని సొరకాయే పారిపోతాది."

కోడలు నవ్వింది. కాన్పైనాక నేను ఆ నవ్వు చూడడం అదే మొదలు.

ఆ పూట ఆమె మా వంటింట్లో పనిచేయడం నేను గడపలో నిలబడి చూశాను. తప్పు పట్టాలనే చూశాను, నిజం చెప్పాలి. వెల్లుల్లి రెబ్బలు నేతిలో వేసి ఆమె బాణలి వైపు చూడనే లేదు. వింటూ నిలబడింది. చిటపటలు తగ్గి సన్నటి సద్దు వచ్చిన క్షణాన దించింది. తీసి చూస్తే ఒక్క రెబ్బ మాడలేదు, ఒక్కటీ పచ్చిగా లేదు. సొరకాయ తొక్క పారేస్తుందేమో అనుకున్నాను. దాన్ని పక్కన ఉంచి, నువ్వులతో పచ్చడి చేసి నాకు పెట్టింది. "నీ కోసం దాసినా, నువ్వు పారేయనియ్యవు గదా" అంది. మేక ఎముకలు, ధనియాలు, నాలుగు మిరియాలు కుండలో వేసి చిన్న మంట మీద పెట్టి, పైకి వచ్చిన నురుగు ఓపిగ్గా తీస్తూ కూర్చుంది. పొద్దున పెట్టిన ఆ కుండ మధ్యాహ్నానికి దించితే చారు తేనె రంగులో ఉంది. ఇల్లంతా ఆ వాసనే. మా అత్త కాయం వాసనకు బాలింత గది అని తెలిసేది. ఈ వాసనకు మాత్రం ఎవరికైనా ఆకలి పుడుతుంది.

వడ్డించడమూ వేరే. నేను బాలింతకు వేరే కంచం, వేరే మూల పెట్టాను, అది మా పద్ధతి. ఆమె తన కంచం కూడా తెచ్చుకుని ఆ పిల్ల పక్కనే చాపమీద కూర్చుంది. అదే కూర తనూ వేసుకుంది. "ఒక్కదాన్నే కూర్చోబెట్టి ఎదురుగా పోలీసోడి మాదిరి నిలబడితే ఎవురికి దిగుతాదక్కా ముద్ద? నువ్వూ రా" అంది. నేను పోలేదు. పురుడు వెళ్ళలేదని సాకు చెప్పి గడపలోనే ఉన్నాను.

ముందు చారు గిన్నె ఇచ్చింది. కోడలు దాన్ని రెండు చేతులా ఎత్తి, దించకుండా తాగేసింది. ఊపిరి కూడా తీసుకోలేదు. "ఇంకా ఉందా?" అంది. రెండోదీ అట్లనే తాగింది. పక్కింటి ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా వైపు చూసింది.

"అక్కా, పిల్లకు నీళ్ళెన్ని ఇస్తాండావు?"

"పూటకొక గ్లాసు. కాచినవే."

ఆమె కోడలి వీపు మీద చెయ్యి వేసి, "నిజం చెప్పు బేటీ. యాడ తాగుతాండావు?" అని అడిగింది.

ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "నీళ్ళు పోసుకునేటప్పుడు... చెంబుతో... అత్త చూడకుండా. శానా చేదు పిన్నమ్మా. అయినా తాగినా."

వావిలాకు నీళ్ళు. ఒళ్ళు నొప్పులకు పోసే నీళ్ళు. నోట్లో పడితే ఉమ్మేసే చేదు. సాయంత్రం స్నానం ఎందుకో నాకప్పుడు తెలిసింది. శుభ్రం ఎరిగిన పిల్ల అని వీధంతా చెప్పుకున్నానే, ఆ మాట నా నోట్లోనే చేదెక్కింది. నేను మాత్రం లొంగలేదు. "మా అత్త చెప్పిందే నేను చేసినా. నేను ఓర్చుకోలేదా?" అన్నాను.

"నీకు బర్రె ఉన్నన్నాళ్ళు పూటకు రెండు బక్కెట్ల కుడితి పెట్టేదానివి. ఒక్కపూట కుడితి తగ్గి పాలు తగ్గితే మా ఇంట్లోకి ఇనపడేట్టు అరిసేదానివి. గుర్తుందా?"

"బర్రె వేరే, బాలింత వేరే."

"వేరే గాదక్కా. బర్రెకు కుడితి లేకపోతే కట్టుకొయ్య పీకేసేట్టు అరుస్తాది. ఈ పిల్ల అరవలేదు, అంతే."

నేను వంటింట్లోకి వచ్చేశాను. పీట మీద కూర్చుంటే నలభై ఏళ్ళ నాటిది ఒకటి జ్ఞాపకం వచ్చింది. ఇన్నేళ్ళూ అది జ్ఞాపకం రాలేదో, రానివ్వలేదో తెలియదు. నా మొదటి బిడ్డ మూతి తుడవడానికి మా అత్త తడిగుడ్డ ఇచ్చేది. ఆమె అటు పోగానే ఆ గుడ్డ కొసను నేను నోట్లో పెట్టుకుని చప్పరించేదాన్ని. ఓర్చుకున్నానని అందరికీ చెప్పాను. ఓర్చుకోలేదు. దొంగతనంగా తాగాను. మా అత్తకు తెలియకపోయింది, అంతే. నా కోడలికి పక్కింటి ఆమె ఉంది. నాకు లేదు.

ఇత్తడి చెంబు తోమాను. కాచి చల్లార్చిన నీళ్ళు అంచుదాకా పోశాను. శొంఠి వెయ్యలేదు. తీసుకుపోయి కోడలి ముందు పెట్టాను. ఆ పిల్ల చెంబును చూసింది, నన్ను చూసింది, ముట్టుకోలేదు. అంత భయం పెట్టానా అనిపించింది. నాకు మంచి మాటలు రావు. "తాగు. ఖాళీ అయినాక మళ్ళా తెస్తా" అన్నాను. అని, పురుడు మాట పక్కన పెట్టి చాపమీద వాళ్ళ పక్కన కూర్చున్నాను. పక్కింటి ఆమె నా ముందు కంచం పెట్టి సొరకాయ కూర వేసింది. తిన్నాను. ఆ కూర రుచి గురించి ఎక్కువ రాయను. ఇంట్లో సొరపాదు పెట్టాను, అది చాలు.

ఆ వారమంతా ఆమె రోజుకు రెండుసార్లు వచ్చింది. రెండు పూటల పెద్ద భోజనం మాన్పించి ఐదుసార్లు కొంచెం కొంచెం పెట్టింది. పొద్దున బాదం, గసాలు నూరి పాలలో కాచిన హరీరా. పదిగంటలకు రాగి జావ. మధ్యాహ్నం మునగాకు పప్పు, నా పాత బియ్యమే. "ఈ బియ్యం మా ఇంట్లో కూడా లేవక్కా, బంగారం" అని ఆ ఒక్కదానికి నన్ను పొగిడింది. నా కాయం ఉండలు కూడా పారేయలేదు, సగం చేసి పెట్టింది. నా పత్యంలో తప్పు లేదట, తడే లేదట.

మూడోరోజుకే బిడ్డ రొమ్ము వదలకుండా తాగి, అట్లనే నిద్రపోయింది. నర్సమ్మ వచ్చి తూచి, మళ్ళీ తూచి, "పెరిగిందమ్మా, డబ్బా అక్కర్లేదు" అంది. కోడలు ఆ మాటకు నా వైపు చూసింది. ఈసారి తల దించుకోలేదు.

ఇప్పుడు మనవరాలు గడపలు దాటుతోంది. ఈ మధ్య రెండిళ్ళల్లో కాన్పులకు పక్కింటి ఆమె నన్ను కూడా వెంట తీసుకుపోయింది. వంటలో చెయ్యి పెట్టనివ్వదు, వెల్లుల్లి వొలవడం వరకే. నాకు అప్పజెప్పిన పని ఒకటుంది. బాలింత పక్కన చెంబు ఖాళీ కాకుండా చూడడం. ఆ పనికి నన్నే ఎందుకు పెట్టావని అడిగాను.

"నీ గొంతుకు ఎదురు చెప్పే బాలింత ఈ ఊర్లో యాడుందక్కా?" అంది.

మొన్న ఒక పిల్ల, "చాలవ్వా, కడుపు నిండింది" అని చెంబు పక్కకు జరిపింది.

"ఇంకో నాలుగు గుక్కలు" అన్నాను. తాగిందాకా కదల్లేదు.