నీలం మా ఇంట్లో నిద్ర చేసిన మూడు రోజులు

మా చిన్నప్పుడు... నల్లగొండ దగ్గర మా ఊరికి రాళ్ళ సాయిబు వచ్చేవాడు. నార్కట్‌పల్లిలో బస్సు దిగి, చంకలో చిన్న రేకు పెట్టెతో నడిచి వచ్చేవాడు. పెట్టె తెరిస్తే దూది మీద పగడాలు, ముత్యాలు, పచ్చలు... మేం పిల్లలం ఊపిరి కూడా గట్టిగా తీసేవాళ్ళం కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పటి మాట. ఆ ఏడు మా బాపు మనిషి మనిషిలా లేడు. బాయి తవ్వితే బండ పడింది. కాడెద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. పానగల్‌లో ఒక అయ్యగారు పంచాంగం చూసి, ఏల్నాటి శని, నీలం పెట్టుకో అన్నారు. ఇంకేం... రోజూ సాయిబు కోసం బాట చూడడమే బాపుకు పని.

సాయిబు రానే వచ్చాడు. నీలాన్ని ఎండకు పట్టి చూపించాడు. లోపల వెంట్రుకంత గీత ఉంది.

"మచ్చున్నది గద సాయిబూ?" అన్నాడు బాపు.

"మచ్చ లేకుంటెనే ఫికర్ చెయ్యాలె పటేలా. భూమిల పుట్టినదానికి ఏదో ఒక మచ్చ ఉంటది," అని నవ్వి, రాయిని నా చెంపకు ఆనించాడు. "సల్లగున్నదా బిడ్డా? గాజైతె జల్ది ఎచ్చగైతది."

చల్లగానే ఉంది. ఎందుకో నాకు ఆ చల్లదనం నచ్చలేదు.

నీలానికి బదులు ఇవ్వాల్సింది మా అమ్మ ముక్కుపుల్లలోని కెంపు. కెంపు సూర్యుడిది, నీలం శనిది, తండ్రీకొడుకులైనా వాళ్ళకు పడదు, రెండూ కలకాలం ఒక ఇంట్లో ఉండొద్దని అయ్యగారు చెప్పారట. అయినా మా దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది!

సాయిబు అమ్మను ఎండలోకి రమ్మని, దూరం నుంచే కెంపును చూశాడు. "దానిమ్మ గింజ రంగు... పాత రాయి. నేను అబద్ధం చెప్ప పటేలా, నా నీలంకన్న గిదే ఎక్కువ. నీకే నుక్సాన్."

"ముక్కుమీది ఎరుపు బాయిల నీళ్ళు తెస్తదా?" అన్నాడు బాపు.

అమ్మ చెయ్యి ముక్కుపుల్ల మీదికి పోయింది. అమ్మమ్మ పోయే ముందు తన ముక్కు నుంచి తీసి అమ్మకు పెట్టిన కెంపు అది. అమ్మమ్మది అంటూ అమ్మకు మిగిలింది అదొక్కటే.

నీలాన్ని ఊరికే వేలికి పెట్టుకోరు. నీలిగుడ్డలో చుట్టి మూడు రాత్రులు దిండు కింద ఉంచుకోవాలి. ఇంట్లో ఎవరికి చెడ్డ కల వచ్చినా, ఏ కీడు జరిగినా అచ్చిరాలేదని తిరిగి ఇచ్చెయ్యాలి. నాలుగోనాడు వస్తానని సాయిబు వెళ్ళిపోయాడు.

ఆ మూడు రోజులూ బాపు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మొదటి రోజు నీళ్ళకుండ పగిలింది. నాకు లోపల ఎంత సంతోషమో... "నీలం తెచ్చినందుకేనా?" అని బాపు మొహం మాడింది. మా అమ్మ ఊరుకోవచ్చు కదా! "అది ముందే బీటవడ్డది," అంది. సత్యవంతురాలు మరి... నాకు ఒళ్ళు మండింది.

రెండో రోజు మేక రెండు పిల్లల్ని ఈనింది. అంతా నీలం మహిమే అని బాపు సంబరం. మూడోరోజు ఏమీ జరగలేదు. కనీసం ఒక తేలైనా కనబడదా అని మూలమూలా వెతికాను.

రాత్రుళ్ళు అటు దొర్లి ఇటు దొర్లి... ఎవరో దుప్పటి కప్పేవారు. అమ్మే అనుకుని కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని.

మూడోనాటి సాయంత్రం అమ్మ పెరట్లో కూర్చుని, ముక్కుకు ఆముదం రాసి ముక్కుపుల్ల మర తిప్పుతోంది. ఏళ్ళ తరబడి తీయనిది, ఎలా వస్తుంది! ముక్కు ఎర్రగా వాచింది. కళ్ళలో నీళ్ళు. ఆముదం ఘాటు అంది. ఆముదానికి ఘాటెక్కడిది?

తెల్లారి బాపు అడిగాడు. "ఎవలికన్న చెడ్డ కల వడ్డదా?"

అమ్మ లేదని తల ఊపింది. నేను ముందుకొచ్చాను.

"నాకు వడ్డది బాపూ. బాయిలకెల్లి నల్లపాము వచ్చి నిన్ను కరిచింది."

బాపు చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత అమ్మ ముక్కు చూశాడు. "మనకు అచ్చిరాదు తియ్యి," అని నీలిగుడ్డ ముడి వేశాడు. సాయిబు వచ్చి, "నీలంతోటి జబర్దస్తీ నడువది పటేలా," అని పెట్టెలో పెట్టుకుని వెళ్ళాడు.

బాయిలో నీళ్ళు పడలేదు. మరుసటి ఏడు బాపు నార్కట్‌పల్లి దగ్గర రోడ్డు పనికి పోయాడు. ఆయన తట్ట మోసిన ప్రతిరోజూ, నా అబద్ధాన్నే మోస్తున్నాడని కుమిలిపోయాను. చెప్పాలనుకుంటూనే ఉన్నాను... బాపు పోయాడు.

చాలా ఏళ్ళకు అమ్మ ఆ కెంపు తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడు ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ నవ్వింది.

"నాకెర్కలేదా? గా మూడు రాత్రులు నువ్వు కన్ను మూస్తివా, కల ఏడికెల్లి వస్తదే?"

"నీకెట్ల తెలుసు?"

"నేను పండుకున్ననా మరి?" అని కెంపున్న నా గుప్పిట మూసింది. "మీ బాపు మాత్రం పండుకున్నడా! నీకు మాటిమాటికి దుప్పటి కప్పింది ఎవరనుకున్నవ్?"

ఇప్పుడు రాయి కొంటే దానితో పాటు కాగితం ఇస్తున్నారు. అసలుదో నకిలీదో, ఎన్ని మచ్చలో అన్నీ అందులోనే... మూడు రాత్రులు ఇంట్లో ఉంచుకుని చూడమ్మా అనేవాళ్ళు లేరు.

మీ పెద్దవాళ్ళు తెలిసి తెలిసీ నమ్మిన అబద్ధం మీకూ ఒకటి ఉండే ఉంటుంది. ఇక్కడ రాయండి... వాళ్ళు ఇంకా ఉంటే మాత్రం, ముందు వాళ్ళకు చెప్పి రండి.